సబ్బుపెట్టెతో కారు స్టార్టయిన రోజు

2025 జనవరి 11, శనివారం. తెల్లవారుజామున నాలుగింటికల్లా కూకట్‌పల్లిలో బయలుదేరాలని వారం ముందే అనుకున్నాం. సంక్రాంతికి విజయవాడ వైపు కారులో వెళ్లేవాళ్లకు ఆ తొందర ఎందుకో చెప్పనక్కర్లేదు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా చేరేసరికి బాగా తెల్లవారిపోయిందంటే, ఇక ముందు కారు వెనక లైట్లు చూస్తూ కూర్చోవడమే. మేం వెళ్లాల్సింది కోనసీమలోని మా ఊరికి, నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. డిసెంబరులో నా దగ్గరికి వచ్చిన అమ్మానాన్నా, నేనూ. మా ఆయన ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు, భోగి నాటికి రైల్లో వస్తారు. కాబట్టి డ్రైవింగ్ నాదే.

మూడున్నరకు బ్యాగులు, పులిహోర డబ్బా, నీళ్ల సీసాలతో సెల్లారులోకి దిగాం. తాళం మీద బొత్తాం నొక్కాను. రోజూ రెండుసార్లు కన్నుకొట్టి తలుపులు తెరిచే కారు ఉలకలేదు, పలకలేదు. తాళంలో ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. ఇలాంటప్పుడు మనసు తక్కువ ఖర్చున్న కారణం వైపే మొగ్గుతుంది. ఆ ప్లాస్టిక్ తాళం లోపల ఒక సన్నటి ఇనుప తాళంచెవి ఉంటుంది. డ్రైవరు వైపు తలుపు పిడి చివర చిన్న మూత ఊడదీస్తే దాని కన్నం కనిపిస్తుంది. నాలుగేళ్లుగా నడుపుతున్న కారుకు అక్కడ కన్నం ఉందని ఆ రోజే చూశాను. తలుపు తెరిస్తే లోపల దీపం వెలగలేదు. బ్రేకు తొక్కి స్టార్ట్ బటన్ నొక్కాను. చిన్న చప్పుడు కూడా లేదు.

నాన్న ఆర్టీసీలో 28 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన వంగి లోపలికి చూసి, "సెల్ఫ్ పోలేదమ్మా. సెల్ఫ్ పోతే దీపాలన్నా వెలగాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది" అన్నారు. కొంచెం తగ్గిన బ్యాటరీ అయితే టకటకమని రిలే కొట్టుకుంటుందట. ఆ మాత్రం ఓపిక కూడా లేదంటే లోపల ఏమీ మిగల్లేదనే అర్థం.

ఆయన దగ్గర వెంటనే ఒక మందు ఉంది. "రెండో గేరులో వేసి క్లచ్ తొక్కి పట్టుకో. వాచ్‌మనూ నేనూ తోస్తాం. ఊపందుకోగానే క్లచ్ వదిలెయ్." ఎన్ని బస్సులను ప్రయాణికుల చేత తోయించి ఉంటారో. కానీ నా కారుకు క్లచ్ లేదు, ఆటోమేటిక్. ఇంజను తిరుగుతుంటే తప్ప గేరుబాక్సులో నూనెకు ఒత్తిడి రాదు, ఆ ఒత్తిడి లేనిదే చక్రాలకూ ఇంజనుకూ సంబంధం కలవదు. తోస్తే కారు జరుగుతుంది, అంతే. ఆ సంగతి విన్నాక నాన్న కారు వైపు చూసిన చూపులో కొంచెం చులకన కనిపించింది.

పక్క ఫ్లాటు వాళ్ల కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు తీసుకుందామంటే వాళ్లు ముందు రోజే ఊరెళ్లిపోయారు. వాళ్లున్నా లాభం లేదు. నా కారు ముక్కు గోడకు ఆని ఉంది, అటూ ఇటూ పిల్లర్లు. మరో కారు బానెట్ నా బానెట్ దగ్గరికి రావాలంటే గోడ పగలగొట్టాలి. బీమాతో పాటు వచ్చిన సహాయం నంబరుకు ఫోన్ చేశాను. పండగ రద్దీ, రెండున్నర గంటలు పట్టవచ్చని చెప్పారు. పేరు రాసుకోమన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, డ్యాష్‌బోర్డు అరలో పడి ఉన్న జంప్ స్టార్టర్, అంటే దిగిపోయిన కారు బ్యాటరీకి బయట నుంచి ఊపిచ్చి స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ పెట్టె. రెండేళ్ల కిందట ఆన్‌లైన్ సేల్‌లో కొన్నాను. వచ్చిన రోజు ఒకసారి పెట్టె తెరిచి చూసి, టార్చి వెలుగుతోందని మురిసి, అరలో పడేశాను. ఆ తర్వాత బండి కాగితాలు తీసినప్పుడల్లా చేతికి అడ్డం వచ్చేది.

నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు. "ఈ సబ్బుపెట్టె కారును స్టార్ట్ చేస్తుందా? ఫోన్లకు పెట్టేదే కదా ఇది?"

అడగాల్సిన ప్రశ్నే. ఫోన్ల పవర్ బ్యాంకు 5 వోల్టుల దగ్గర రెండు మూడు ఆంపియర్లు ఇస్తే గొప్ప. సెల్ఫ్ మోటారు ఇంజనును తిప్పడానికి చిన్న పెట్రోలు కారులోనే వంద ఆంపియర్లు దాటి లాగుతుంది, డీజిల్‌కు ఇంకా ఎక్కువ. జంప్ స్టార్టర్‌లో మూడు లిథియం సెల్లులను వరసగా కలిపి 11, 12 వోల్టులు వచ్చేలా చేస్తారు. లోపలి నిరోధం చాలా తక్కువ ఉన్న సెల్లులు వాడతారు కాబట్టి కొద్ది సెకన్ల పాటు పెద్ద కరెంటును దబ్బున కుమ్మరించగలవు. మోత బరువు కాదు, విసురు ముఖ్యం. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాల్లో 1000 ఆంపియర్లు అని ఉంటుంది. అది కన్నుమూసి తెరిచేంతలో వచ్చే గరిష్ఠం, దాన్ని నమ్మి ట్రాక్టరు కొనకూడదు. నాది 12,000 మిల్లీ ఆంపియర్ అవర్లది, అంటే ఒక్కో సెల్లు 3.7 వోల్టుల లెక్కన 44 వాట్ అవర్లు.

బటన్ నొక్కితే నాలుగు దీపాల్లో ఒక్కటి వెలిగింది. అదీ మిణుకుమిణుకుమంటూ.

తప్పు నాదే. మూడు నాలుగు నెలలకోసారి చార్జింగ్ పెట్టమని అందులో వచ్చిన కాగితం మీద ఉంది. ఎండలో నిలిపిన కారులో ఉంచొద్దని కూడా ఉంది. నేను రెండు హైదరాబాద్ వేసవులు దాన్ని డ్యాష్‌బోర్డు అరలోనే కాల్చాను. చచ్చిన బ్యాటరీని లేపాల్సిన వస్తువే నీరసంగా పడి ఉంది. సగం కంటే తక్కువ చార్జింగ్‌తో ప్రయత్నించొద్దని ఆ కాగితమే చెబుతోంది కాబట్టి, వాచ్‌మన్ గదిలోని ప్లగ్గులో నా ఫోను చార్జరుతో, అదే 18 వాట్లది, పెట్టాం. నాలుగు నుంచి ఐదున్నర వరకు కాపలా. అమ్మ సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటోంది. ఆ గంటన్నరలో మూడు కార్లు మా ముందు నుంచే ఊళ్లకు బయలుదేరాయి. ప్రతి కారూ ఆగి "ఏమైంది?" అని అడగడం, మేం చెప్పడం, వాళ్లు "అయ్యో" అనుకుంటూ వెళ్లిపోవడం.

మూడు దీపాలు నిండాక బానెట్ ఎత్తాం. జంప్ స్టార్టర్‌కు వేరుగా ఒక తీగ వస్తుంది. ఒక చివర నీలం రంగు ప్లగ్గు, రెండో చివర బట్టల క్లిప్పులకు పెద్దన్నల్లాంటి రెండు క్లిప్పులు, ఎర్రదీ నల్లదీ. నడుమ అగ్గిపెట్టెంత డబ్బా. బుద్ధంతా ఆ డబ్బాలో ఉంది. క్లిప్పులు తిరగేసి పెడితే ఎర్ర దీపం వెలిగి కూత పెడుతుంది, కరెంటు వదలదు. సరిగ్గా పెడితే పచ్చ దీపం.

ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు నేను పెట్టాను. నల్లదాన్ని నాన్న తీసుకుని, "ఎర్త్ ఎక్కడిచ్చినా ఒకటే. బ్యాటరీకి ఇవ్వకూడదు" అంటూ పక్కనున్న ఒక ఇనుప బ్రాకెట్‌కు తగిలించారు. అందులో సగం నిజం ఉంది. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, కడపటి క్లిప్పు పెట్టేటప్పుడు రవ్వ ఎగురుతుంది, ఆ రవ్వ బ్యాటరీ నెత్తిన పడకుండా దూరంగా ఇంజను ఇనుముకు ఇవ్వడమే మంచి పద్ధతి. మిగిలిన సగం కాసేపట్లో తెలిసింది.

దీపం వెలగలేదు. పచ్చా లేదు, ఎర్రా లేదు.

కాగితం మళ్లీ తీశాను. బ్యాటరీ మరీ అడుగంటితే ఆ డబ్బా దాన్ని గుర్తుపట్టదట. అసలు క్లిప్పులు దేనికీ తగిలించలేదనుకుంటుంది. అలాంటప్పుడు బూస్ట్ అనే బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఎదురుగా ఏముందని చూడకుండా 30 సెకన్ల పాటు కరెంటు వదులుతుంది. ఇక్కడ నేను బాగా భయపడ్డాను. ఆ బటన్ నొక్కామంటే తిరగేసిన క్లిప్పును పట్టుకునే కాపలా కూడా పోయినట్టే. ఎరుపు, నలుపు తారుమారైతే ఫ్యూజులు కాలవచ్చు, కారులోని కంప్యూటర్లు కాలవచ్చు, ఆ పెట్టే ఉబ్బి మంట అంటుకోవచ్చు. ఫోను టార్చి వేసి ప్లస్ గుర్తు చూశాను. ఎర్ర మూత చూశాను. నాన్నను చూడమన్నాను. వాచ్‌మన్ కూడా వచ్చి చూసి "కరెక్టేనమ్మా" అన్నాడు. మూడు సాక్ష్యాలయ్యాక సీట్లో కూర్చున్నాను. నాన్న బటన్ నొక్కి "కొట్టు" అని అరిచారు.

టకటకటకటక. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ దీపావళిలా ఒక్కసారి వెలిగి వణికి ఆరిపోయాయి.

అది ఓటమే గానీ, శవంలో కదలిక కనిపించినట్టు అందరం సంతోషించాం. దిగి వచ్చేసరికి నాన్న బ్యాటరీ మీదికి వంగి ఉన్నారు. ఎర్ర మూత పూర్తిగా పక్కకు తీసి, "ఇదేమిటమ్మా, ఇంత ఉప్పు?" అన్నారు. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, అక్కడక్కడ నీలి ఛాయతో పొడి పేరుకుని ఉంది. నేను ఎర్ర క్లిప్పు పెట్టింది ఆ పొడి మీద. అంత మందాన పేరుకున్న పొడిలోంచి వంద ఆంపియర్లు వెళ్లమంటే ఎలా వెళ్తాయి? ఇటు నల్ల క్లిప్పు సంగతి చూస్తే, ఆ బ్రాకెట్ నిండా నల్ల పెయింటు. పళ్లు పెయింటు మీద ఆగిపోయాయి, ఇనుము దాకా దిగలేదు. "మా బస్సుల్లో పెయింటు ఎక్కడుండేదమ్మా, అంతా తుప్పే" అని నాన్న తనను తాను వెనకేసుకొచ్చారు.

పైకి వెళ్లి చెంబుడు వేడినీళ్లు, గుప్పెడు వంట సోడా, ఒక పాత టూత్‌బ్రష్షు తెచ్చాను. జంప్ స్టార్టర్ విప్పి దూరంగా పెట్టాం. సోడా నీళ్లు పోయగానే పొడి బుసబుసమని పొంగింది, పెరుగు పులిసినట్టు. బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచేసరికి లోపలి సీసం బూడిదరంగులో బయటపడింది. చూస్తే టెర్మినల్ బిగింపు కూడా వదులే, చేత్తో పట్టుకుంటే తిరుగుతోంది. వాచ్‌మన్ దగ్గర పదో నంబరు స్పానరు దొరికింది. నాన్న బిగించారు. బిగిస్తూ ఒక కథ చెప్పారు. కుర్రతనంలో మా తాతగారి ఊళ్లో ఒక అంబాసిడర్ టాక్సీ తోలేవారట. దానికి సెల్ఫ్ పని చేయకపోయినా ఇబ్బంది లేదు, ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పితే చాలు. కానీ హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నితే చుట్టిన బొటనవేలు విరిగిపోతుంది. ఆ మాట చెబుతూ స్పానరు పట్టుకున్న చేతిని అలాగే పట్టి చూపించారు, బొటనవేలు లోపలికి పోకుండా. యాభై ఏళ్లయినా ఆ వేలు మరచిపోలేదు.

రెండో ప్రయత్నంలో ఎర్ర క్లిప్పు శుభ్రమైన సీసం మీద, నల్లది ఇంజను మీద రంగులేని ఒక పెద్ద బోల్టుకు. ఇంజను తిరిగింది. గుర్ర్, గుర్ర్, గు... మూలుగుతూ ఆగిపోయింది. నా గుండె కూడా అక్కడే ఆగింది. బయట నుంచి నాన్న కేక. "లైట్లు ఎందుకు వేశావు?" నేను వేయలేదు. చీకట్లో వాటంతట అవే వెలిగే ఆటో మీద ఉన్నాయి. ఏసీ పంకా కూడా పోయినసారి దిగినప్పటి నుంచి నాలుగో నంబరు మీదే ఉంది. గ్లాసుడు నీళ్లు తెచ్చి మొక్కకు పోస్తుంటే నలుగురు దోసిళ్లు పట్టినట్టయింది. అన్నీ ఆపేశాను. సబ్బుపెట్టె మీద మూడు దీపాలు రెండయ్యాయి.

కాగితం ప్రకారం ప్రతి ప్రయత్నానికీ మధ్య ఒక నిమిషమైనా ఆగాలి, పెట్టె వేడెక్కకుండా. మేం మూడు నిమిషాలు ఆగాం. నాకు నచ్చిన సంగతి ఒకటి అప్పుడు జరిగింది. క్లిప్పులు తగిలించే ఉన్నాయి. ఈసారి బూస్ట్ నొక్కకుండానే పచ్చ దీపం దానంతట అదే వెలిగింది. రెండు ప్రయత్నాల్లో కారు బ్యాటరీ కొంత కరెంటు తాగింది కాబట్టి, ఎదురుగా ఒక బ్యాటరీ ఉందని ఆ డబ్బాకు ఇప్పుడు తెలిసింది. కాపలా మళ్లీ డ్యూటీకి వచ్చిందన్నమాట.

మూడోసారి సగం మూలుగు దాకా వెళ్లి, ఒక్క ఉదుటున అందుకుంది. అమ్మ సహస్రనామం ఆపి చప్పట్లు కొట్టింది. టైము ఆరూ ఐదు.

స్టార్టయ్యాక చేయాల్సింది కూడా ఉంది, అక్కడ ఆలస్యం పనికిరాదు. కారు డైనమో 14 వోల్టుల దగ్గర ఎదురు కరెంటు పంపడం మొదలుపెడుతుంది. చిన్న పెట్టె ఇంకా తగిలించి ఉంటే దానికి మంచిది కాదు, 30 సెకన్లలోపు తీసేయాలి. ముందు నీలం ప్లగ్గు లాగాను, తర్వాత నల్ల క్లిప్పు, ఆ తర్వాత ఎర్రది. పెట్టె గోరువెచ్చగా ఉంది. ఇంజను నడుస్తూ ఉండగానే బ్యాగులు సర్దబోతే నాన్న గట్టిగా కసిరారు. "ముందు బయటికి తియ్. సెల్లారులో పొగ." నిజమే, మూసి ఉన్న చోట ఇంజను ఆన్‌లో ఉంచడం ప్రమాదం. ర్యాంపు ఎక్కించి వీధిలో పెట్టాక సామాన్లు ఎక్కించాం. సహాయం నంబరు వాళ్లకు వద్దని ఫోన్ చేసి చెప్పాను. స్టీరింగు, ఏబీఎస్ అంటూ నాలుగు హెచ్చరిక దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. భయపడ్డాను గానీ రోడ్డెక్కి కొద్ది దూరం వెళ్లేసరికి ఒక్కొక్కటే ఆరిపోయాయి. గడియారం మాత్రం పన్నెండు దగ్గర నిలబడి ఉంది.

ఇక దారంతా ఒకటే నియమం, ఇంజను ఆపకూడదు. పంతంగి దగ్గర అనుకున్నదే అయింది, ఎండ ఎక్కాక గానీ గేటు దాటలేదు. వరసలో నిలబడి ఉన్నప్పుడు ఏసీ ఆపేశాను, ఎందుకంటే నిలబడిన కారులో డైనమో నెమ్మదిగా తిరుగుతుంది, వచ్చే కొంచెం కరెంటూ పంకాకే పోతుంది. టిఫిన్‌కు ఆగినప్పుడు నాన్న కారులో కాపలా కూర్చుంటే మేం తిన్నాం, ఆ తర్వాత ఆయన దిగితే నేను కూర్చున్నాను. జంప్ స్టార్టర్‌ను మాత్రం కారు యూఎస్‌బీకి తగిలించే ఉంచాను. చేసిన మేలుకు దాని కడుపూ నిండాలి కదా.

అన్నీ ఆలోచించాను, పెట్రోలు తప్ప. ముల్లు పావు దగ్గర ఉంది. బంకులో ఇంజను ఆపక తప్పదు. సూర్యాపేట దాటాక ఒక బంకు ముందు రోడ్డు పక్కన ఆగి ముగ్గురం చర్చించుకున్నాం, పార్లమెంటులో కూడా అంత జరగదు. ఆపాక స్టార్టవకపోతే అక్కడే క్లిప్పులు తగిలిస్తే? పెట్రోలు ఆవిర్ల మధ్య రవ్వ. ఆ మాటే ఎత్తొద్దన్నారు నాన్న. చివరికి తేలింది ఏమిటంటే, ఆగిపోతే న్యూట్రల్‌లో పెట్టి బంకు కుర్రాళ్ల సాయంతో గాలి కొట్టే చోటుకు, దూరంగా తోసుకెళ్లి అక్కడ స్టార్ట్ చేయాలి. నాన్న ముందే వెళ్లి ఇద్దరు కుర్రాళ్లతో మాట్లాడి వచ్చారు. ట్యాంకు నిండింది. డబ్బులిచ్చాను. బ్రేకు తొక్కి, కళ్లు మూసుకుని బటన్ నొక్కాను. ఏమీ జరగనట్టు స్టార్టయింది. తోయడానికి వచ్చిన కుర్రాళ్లు కొంచెం నిరాశపడ్డట్టు అనిపించింది.

రాత్రి ఎనిమిదికి ఊరు చేరాం. భోగి మంటలు, పెద్ద పండగ, అల్లుళ్లు, అరిసెలు. కారును ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. 400 కిలోమీటర్లు నడిచింది కదా, బ్యాటరీ నిండిపోయి ఉంటుందనుకున్నాను.

జనవరి 15, కనుమ. జగ్గన్నతోట తీర్థానికి బయలుదేరాం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, భుజాల మీద వచ్చి ఆ కొబ్బరి తోటలో కలుస్తాయి. నా చిన్నప్పటి నుంచి తప్పిపోయిన ఏడాది లేదు. కారు బటన్ నొక్కాను. టకటకటక.

నాన్న అరుగు మీద నుంచి లేవకుండానే అన్నారు. "కనుమ నాడు కాకైనా కదలదంటారు. నీ కారు కదలకపోతే తప్పేముంది?"

ఈసారి నాకు చేతులు వణకలేదు. లైట్లు, పంకా, పాటలు ఆఫ్. ఎర్రది సీసం మీద, నల్లది రంగులేని బోల్టు మీద. నీలం ప్లగ్గు. పచ్చ దీపం వెంటనే వచ్చింది. ఒక్క నొక్కుకే స్టార్టయింది. రెండు నిమిషాలు పట్టలేదు. చుట్టూ వీధిలోని పిల్లలంతా చేరారు. పక్కింటి బాబాయి చూసి, "మా లారీ కూడా పొద్దుట మొరాయిస్తుంది, ఒకసారి ఇస్తావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న అడ్డుకున్నారు. "అది ఇరవై నాలుగు వోల్టులు, ఇది పన్నెండు. బస్సుకూ లారీకీ ఇది పనికిరాదు." నాలుగు రోజుల కిందటి సబ్బుపెట్టెకు ఇప్పుడు ఆయనే వకీలు.

ప్రభలు చూసి వచ్చాం గానీ మనసు నెమ్మదిగా లేదు. మూడున్నర రోజుల్లో మళ్లీ ఎందుకు దిగిపోయింది? నాన్న లెక్క సూటిగా ఉంది. "అది అగ్గిపుల్లమ్మా. పొయ్యి ముట్టిస్తుంది. లోపల కట్టెలున్నాయో లేదో చూసుకోవాల్సింది మనమే."

17న రావులపాలెంలో నాన్నకు తెలిసిన ఒక బ్యాటరీ షాపుకు వెళ్లాం. షాపాయన ముందు బ్యాటరీ జోలికే వెళ్లలేదు. కారు ఆపించి, నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరు తగిలించి, తలుపులు లాక్ చేయించి, టీ తెప్పించాడు. కారు కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట పడుతుందట, అప్పటిదాకా చూసే అంకె దొంగ అంకె. టీ అయ్యాక మీటరు 0.31 ఆంపియర్లు చూపించింది. తాళం వేసి నిద్రపోతున్న కారు 0.05 లోపు లాగితే మామూలు. అంటే ఎవరో మెలకువగా ఉన్నారు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. ఒకటి పీకగానే 0.03కు పడిపోయింది. ఆ ఫ్యూజు వెంట నడిచే తీగ పట్టుకుని పోతే అద్దం దగ్గరి కెమెరా దాకా వెళ్లింది.

డ్యాష్‌క్యామ్. అక్టోబరులో సెల్లారులో ఎవరో నా కారును గీకి వెళ్లారని, నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసేలా నేనే అడిగి వేయించుకున్నాను. బిగించినతను దాన్ని ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపాడు. బ్యాటరీ తగ్గితే తానే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంటుందట, అది పెట్టలేదు, పెట్టమని నేనూ అడగలేదు. రోజుకు 7 ఆంపియర్ అవర్లకు పైగా. నా బ్యాటరీ మొత్తం 45. జనవరి 1న గుడికి వెళ్లొచ్చి నిలిపిన కారు ఆరో రోజుకే ఖాళీ అయిపోయి ఉంటుంది, మేం దిగింది పదకొండో తేదీన. సాయంత్రం కూర్చుని ఆ పది రోజుల్లో అది ఏం రికార్డు చేసిందో చూశాను. గోడ. వాచ్‌మన్ చీపురు. ఒకసారి పిల్లి.

కెమెరా తీగను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్పించాను. బ్యాటరీని విప్పి రాత్రంతా నిదానంగా చార్జింగ్ పెట్టాడు షాపాయన. రెండు మూడు గంటల డ్రైవింగ్‌తో ఇంత అడుగంటిన బ్యాటరీ నిండదని, డైనమో ఉన్నదాన్ని కాపాడడానికే గానీ ఎండిన చెరువు నింపడానికి కాదని చెప్పాడు. మర్నాడు పొద్దున రెండు కొమ్ముల టెస్టరు ఒకటి టెర్మినళ్ల మీద ఆనించి నొక్కాడు. లోపలి తీగ చుట్ట ఎర్రగా కాలింది, వేడి నా మొహానికి తగిలింది. ముల్లు 12.6 నుంచి కిందికి జారి 9.9 దగ్గర నిలబడింది. తొమ్మిదిన్నర కంటే దిగిపోతే పనికిరాదట.

"మార్చేయమంటారా?" అని నేనే అడిగాను.

"ఇప్పుడెందుకమ్మా? ఈ వేసవి దాకా లాగుతుంది. మీ హైదరాబాద్ ఎండలకు ఎలాగూ పోతుంది, అప్పుడు మార్చుకోండి" అన్నాడు. చార్జింగ్‌కు రెండు వందలు తీసుకున్నాడు. కొత్త బ్యాటరీ అమ్ముకునే అవకాశాన్ని చేతులారా వదులుకున్నాడు. చెప్పినట్టే మే నెలలో ఒక సాయంత్రం ఆఫీసు బయట బ్యాటరీ చేతులెత్తేసింది. సబ్బుపెట్టెతో స్టార్ట్ చేసుకుని, ఇంటికి కాకుండా నేరుగా బ్యాటరీ షాపుకు తోలుకెళ్లి, పాతది ఇచ్చేసి కొత్తది వేయించుకున్నాను.

ఇప్పుడు ఆ పెట్టె కారులో ఉండదు. వంటింటి అలమరలో, మిక్సీ పక్కన, చల్లటి చోట ఉంటుంది. దూరం వెళ్లేటప్పుడే బ్యాగులో వేసుకుంటాను. చార్జింగ్ సంగతి గుర్తు పెట్టుకోవాల్సిన పని నాకు లేదు. మూడు నెలలకోసారి ఒకటో తేదీన ఊరి నుంచి ఫోను వస్తుంది. నా క్షేమం అడగడానికి ముందే నాన్న అడుగుతారు, "సబ్బుపెట్టెకు మేత వేశావా?"